ఎరువు పట్టుకున్న విషం

మా కెమిస్ట్రీ సారు పోయారని కోరుట్ల నుంచి నా డిగ్రీ స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. జగిత్యాలలో నీటి పరీక్షలు చేసే ఉద్యోగం నాది. చేతిలోని నీళ్ల సీసా కింద పెట్టేశాను.

డిగ్రీలో ఒకరోజు సారు మైలుతుత్తం అనే రాగి ఉప్పు కలిపిన నీలం నీళ్లలో బాగా మాగిన ఆకు ఎరువు వేసి ఉంచారు. మర్నాటికి నీలం చాలావరకు పోయింది.

"రాగి ఏడికి పోయింది?" అని అడిగారు.

"ఏడికీ పోలే. ఎరువు పట్టుకున్నది" అని తనే చెబుతూ కాస్త యాసిడ్ పోశారు. నీలం మెల్లగా మళ్లీ తేలింది. "పట్టుకున్నది వేరు, పోయింది వేరు. యాదుంచుకోండ్రి."

నేను గుర్తుంచుకోలేదు. సిరిసిల్లలో మా మేనమామకు చిన్న అద్దకం షెడ్డు ఉంది. ఉద్యోగంలో చేరాక, అక్కడి రంగు నీళ్లలో రాగి, క్రోమియం ఉన్నాయని తెలిసి, నేనే గొయ్యి తవ్వించి ఆకు ఎరువు నింపించాను. బయటికొచ్చే నీళ్లలో లోహాలు బాగా తగ్గాయి. కొన్ని నెలలకు ఆ ఎరువు తీయించి కొత్తది నింపించాను. గర్వంగా సారుకు ఫోన్ చేశాను.

"మంచి పని చేసినవ్ బిడ్డా. మరి గా పాత ఎరువు ఏం జేసిన్రు?"

మామ దాన్ని ముందురోజే కోరుట్ల దగ్గరి మల్లాపూర్ రైతు ఒకాయనకు పొలంలో చల్లుకోమని పంపేశాడు. ఆ మాట చెబుతుంటేనే సారు పాఠం గుర్తొచ్చింది.

సారు తిట్టలేదు. "పొద్దుగాల కోరుట్లకు రా. నేను గూడ వస్త" అన్నారు.

మా అదృష్టం, పొలం గట్టున ఎరువు ఇంకా కుప్పగానే ఉంది. సారు నన్నే మాట్లాడమన్నారు.

"తప్పు నాది కాకా. గీ ఎరువుల విషమున్నది, చల్లకు."

"నల్లగ మంచిగనే ఉన్నది గదా బిడ్డా" అన్నాడు రైతు.

"మంచిదే. గందుకే విషాన్ని గంత గట్టిగ పట్టుకున్నది" అన్నారు సారు. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని పార అందుకున్నారు. డెబ్బై దాటిన మనిషి. వద్దని బతిమాలితే, "నేను చెప్పిన పాఠమే గదా" అన్నారు.

ఆ ఎరువంతా ట్రాక్టర్‌లో మామ షెడ్డుకు పంపి సిమెంటు తొట్టిలో మూతపెట్టించాం. తర్వాత విషపు చెత్త తీసుకెళ్లే బండికి అప్పగించాం. ఇప్పుడు నీళ్లు శుభ్రమయ్యాయని ఎవరు చెప్పినా, తీసిన లోహం ఎక్కడుందని అడుగుతాను. ఆ ప్రశ్న సారు ఇచ్చిందే. ఆయన ఆరోజు రాకపోతే ఆ రైతు ముఖం చూసే ధైర్యం నాకు వచ్చేది కాదు.

ఆరోజు మల్లాపూర్ నుంచి తిరుగు బస్సులో సారు అలసి, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. టికెట్ల కోసం వచ్చిన కండక్టర్ ఆయన్ని చూసి గొంతు తగ్గించాడు. కోరుట్ల వచ్చేదాకా నేను భుజం కదపలేదు.