రెండిళ్ల నడిమి గోడ

మా గల్లీకి ఒక చివర డిగ్రీ కాలేజీ, ఇంకో చివర బజారు. కంగ్టి, సిర్గాపూర్ బస్సులు దిగిన పిల్లలు పొద్దున మా గడప ముందు నుంచే కాలేజీకి నడుస్తారు. సాయంత్రం అదే దారిన బజారుకు వచ్చి, మిర్చి బజ్జీలు తిని మళ్ళీ బస్సులెక్కుతారు. డిగ్రీ చదివిన రోజుల్లో నేనూ అట్లా నడిచినదాన్నే.

బి.ఏ.లో ఉన్నప్పుడు మా చరిత్ర సారు ఒకసారి మమ్మల్ని పాత ఇళ్ళు చూపిస్తానని ఈ గల్లీకే తీసుకొచ్చాడు. ఈ ఇంటి ముందే నిలబెట్టి చెక్కుడు దర్వాజా, రాతి అరుగులు, మూరెడు మించిన మందం ఉన్న మట్టిగోడలు చూడమన్నాడు. "చెయ్యి పెట్టి చూడుండ్రి, ఎండకాలం గూడ సల్లగుంటది" అన్నాడు. వరుసగా నిలబడి అందరం చేతులు పెట్టాం. లోపలి నుంచి ఒకామె తొంగిచూసి, "గోడకేమన్న జరమొచ్చిందా, అందరు చెయ్యి వెట్టి చూస్తుండ్రు?" అన్నది. నవ్వుకుంటూ వెళ్ళిపోయాం. ఆ మాట అన్నామె ఇప్పుడు మా అత్త.

ఈ ఇంటి నుంచి సంబంధం వచ్చినప్పుడు నాకు సంతోషంగానే అనిపించింది. మా ఊళ్లో జ్వరమొస్తే ఆటో కోసం రోడ్డు మీద కూర్చోవాలి. ఇక్కడ దవాఖాన, బజారు, బస్టాండ్ అన్నీ నడిచిపోయే దూరం. కాలేజీ పక్కనే ఉంటే ఏదో ఒకటి చదువుకోవచ్చని కూడా అనుకున్నాను. ఇప్పుడు నా కూతురికి ఏడాదిన్నర. అది నిద్రపోతేనే నాకు ఈ నాలుగు ముక్కలు రాసుకునే వీలు. రాస్తున్నంతసేపూ ఒక చెవి గోడ వైపే ఉంటుంది.

మా ఇల్లు వరుసగా ఒకదాని వెనక ఒకటి ఉన్న గదులు. గల్లీ మీద ముందు గది, తర్వాత నడిమి గది, దాని వెనక వంటిల్లు, వంటింటి వెనక నల్లా, స్నానాల గది. నడిమి గదికి ఒక పక్క ఉన్న గోడ మాది ఒక్కరిదే కాదు. పక్కింటి వాళ్ళకూ అదే గోడ. మా దూలాలు ఇటు నుంచి, వాళ్ళ దూలాలు అటు నుంచి దాని మీదే ఆనుకునేవి. ఎప్పటి నుంచో రెండిళ్లకూ ఒక కట్టుబాటు ఉంది. ఆ గోడకు ఇనుప మొల కొట్టాలన్నా అవతలి ఇంటికి చెప్పి కొట్టాలి. వానలకు ముందు ఒక రోజు రెండిళ్ల వాళ్ళూ కలిసి ఎర్రమట్టి, గడ్డి, పేడ కలిపి తొక్కి, ఎవరి వైపు వాళ్ళు మెత్తుకోవాలి. ఆ రోజు రెండిళ్లకూ వంట ఒకే చోట. పెళ్ళైన మొదటి ఎండాకాలం నేనూ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మట్టి తొక్కాను. "డిగ్రీ పిల్ల మంచిగనే తొక్కుతుంది" అని పక్కింటాయన నవ్వితే, "సర్టిఫికెట్ ఇయ్యి మరి తమ్మీ" అన్నది అత్త.

ఆ పక్కింటాయనకు ఊరి బయట పత్తి చేను ఉంది. అత్తను వదినా అని పిలుస్తాడు. నిరుడు చలికాలంలో ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, ఇల్లు ఇప్పుతున్న. కాలేజీ ఆడిపిల్లలకు హాస్టల్ కడ్త."

"కట్టుకో తమ్మీ. నీ జాగ, నీ ఇష్టం. మరి గోడ?"

"గోడకు చెయ్యి వెట్ట. మీ దూలాలున్నయి గద దాని మీద. గోడ మొత్తం మీకే ఇడిచిపెడ్తున్న. నా పిల్లర్లు నా జాగల జర ఎడం ఇడిచి లేపుకుంట."

"మొల కొట్టాలంటెనే అడిగెటోనివి. ఇల్లు ఇప్పెటప్పుడు అడుగకుంటవా" అని అత్త చాయ పెట్టించింది. మనిషి మంచివాడు. మాట ప్రకారమే చేశాడు. మిగతా ఇల్లంతా జేసీబీతో ఒక్క పూటలో పడగొట్టినా, మా గోడ పక్క మాత్రం కూలీలతో సుత్తెలు పెట్టి మెల్లగా విప్పించాడు.

పైకప్పు పోయిన రోజు పాపను ఎత్తుకుని పోయి చూశాను. వాళ్ళ ఇంటి లోపలంతా ఎండలో పడి ఉంది. మా గోడకు అటువైపు వాళ్ళ గూళ్ళు, గూళ్ళలో దీపపు మసి, పసుపు బొట్లు, దూలాలు తీసిన చోట నల్లటి బొక్కలు. ఒకరి ఇంటి లోపలి భాగం అట్లా గల్లీకి కనబడుతుంటే చూడలేక వచ్చేశాను.

తప్పు ఆ తర్వాత జరిగింది. దాన్ని తప్పని ఎవరూ అనలేరు. మట్టిగోడ వానకు కరిగిపోతుందని ఆయనే తన సిమెంటుతో, తన మేస్త్రీతో గోడకు అటువైపంతా ప్లాస్టరింగ్ చేయించాడు. పైన కూడా సిమెంటు పూయించాడు. అత్త పొంగిపోయింది. "ఎట్లాగు మేస్త్రి ఉండె, లోపట గూడ కొట్టియ్యి తమ్మీ. ఏడాదికోపారి పేడ మట్టి తొక్కుడు తప్పుతది" అన్నది. లోపల కూడా నున్నగా కొట్టించారు. మా ఆయన బజారు నుంచి లేత నీలం రంగు తెచ్చి వేశాడు. గది కొత్తగా కనబడింది. నేనే ఫోటో తీసి మా అమ్మకు పంపాను.

మట్టిగోడకు రెండు వైపులా సిమెంటు పట్టిస్తే ఏమవుతుందో వానలు మొదలయ్యాక తెలిసింది. నీళ్ళు పైనుంచి ఏదో సందున లోపలికి దిగుతూనే ఉన్నాయి. ఇదివరకు మట్టి తడిసినా ఎండకు ఆరేది. ఇప్పుడు లోపలి తడికి బయటికి వచ్చే దారి లేదు. మొదట వాసన వచ్చింది, నానిన గోనెసంచి వాసన. తర్వాత నీలం రంగు బుడగలు లేచి పొరలుగా రాలింది. ఒకరోజు పాప బట్టలు దండెం మీద ఆరేస్తూ అత్త ఆగిపోయింది. గోడకు కొంచెం దూరంగా వేలాడే దండెం, నడిమిలో గోడను తాకుతున్నది.

"పిల్లా, గీడ చూడు. గోడకు కడుపొచ్చింది."

"కడుపేంది అత్తమ్మా?" అని నవ్వబోయాను. దగ్గరికి పోయి చూస్తే నిజంగానే గోడ మధ్యలో లోపలికి ఉబ్బి ఉంది. చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది. వేలితో కొడితే డొల్ల చప్పుడు.

పాప ఊయల ఆ గదిలోనే. ఊయల తాళ్ళు దూలానికి, దూలం చివర ఆ గోడ మీద. ఆ రోజే ఊయల విప్పేశాను. మంచం అవతలి పక్కకు జరిపాను. కానీ దూలాలన్నీ ఒక కొస ఆ గోడ మీదే ఉన్నప్పుడు గదిలో ఎక్కడ పడుకున్నా ఒకటే. సిమెంటు పెళ్ళ రాలిన చప్పుడైతే చాలు, పాపను గుండెకు అదుముకుని ముందు గదిలోకి ఉరికేదాన్ని. అత్త కళ్ళు తెరవకుండానే "ఎలుక బిడ్డా" అనేది. ఎలుకే అయ్యుండవచ్చు. నాకైతే ప్రతి ఎలుకా గోడే.

మా ఆయన కంగ్టి రూటులో ఆటో నడుపుతాడు. అన్నం తింటుండగా ఆయన్ని పట్టుకున్నాను.

"కొత్త కాలనీల ఒక్క గది చూడు. ఒక్క గదైనా సరే. పాపకోసం."

"అమ్మ వస్తదా?"

"నేను యాడికి రాను" అన్నది అత్త వంటింట్లో నుంచి. "మీరు పోండ్రి. నా మీద పడితె పడనియ్యి, బతికినన్ని దినాలు బతికిన."

"గట్లంటె మేమెట్ల పోతమే?" అన్నాడు ఆయన. ఇక ఆ మాట అక్కడే ఆగిపోయింది. ప్రతిసారీ అక్కడే ఆగుతుంది. ఆయన కోపంగా కూడా లేడు. కంచంలో చెయ్యి పెట్టి కదలకుండా కూర్చున్నాడు. ఆమెను వదిలి పోవడం ఆయన వల్ల కాదు. నన్ను ఉండమనడం కూడా ఆయన వల్ల కాదు.

గోడ తీసేసి కొత్తది కడదామని కూడా అడిగాడు, ఇళ్ళ పర్మిషన్ల సంగతి తెలిసిన ఒకాయన్ని. ఆయన వచ్చి గల్లీ వెడల్పు చూసి, పాతది ఉన్నంత కాలం ఉంటుందనీ, ఒకసారి విప్పితే మాత్రం కొత్తగా కట్టేది రోడ్డు నుంచి వెనక్కి జరగాల్సిందేననీ చెప్పాడు. మా ఇల్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వెనక్కి జరిగితే ముందు గది గల్లీలో కలిసిపోతుంది. పక్కింటాయన స్థలం పెద్దది కాబట్టి ఆయనకు జరగడం బాధ కాలేదు. విప్పితే ఇల్లు ఉండదు, విప్పకపోతే గోడ ఉండదు.

ఆ సంగతి విని పక్కింటాయన తనే వచ్చాడు. ఉబ్బు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "నేను మంచికే చేస్తి వదినా" అన్నాడు. "ఎవలన్నరు కాదని" అన్నది అత్త. ఆ రోజే తన కూలీలతో సెంట్రింగ్ కర్రలు, స్లాబు కింద నిలబెట్టేవి, మోయించుకొచ్చాడు. దూలాల కింద వరుసగా నిలబెట్టించి, గోడకు పలకలు ఆనించి ఏటవాలుగా దన్ను పెట్టించాడు. నడిమి గది చిన్న అడవిలా అయింది. పాప ఒక్కో కర్రనూ పట్టుకుని చుట్టూ తిరిగేది. చాలా రోజుల తర్వాత నేను తెల్లారేదాకా పడుకున్నాను.

ఆ కర్రలున్న రోజుల్లోనే కాలేజీ నుంచి కొత్త పిల్లలు వచ్చారు. తీసుకొచ్చింది మా సారు కాదు, ఇప్పుడు వేరే ఆయన. దర్వాజా ముందు ఫోటోలు దిగారు. ఇట్లాంటి ఇళ్ళను కాపాడుకోవాలె అని ఆయన చెబుతుంటే రాసుకున్నారు. ఒక అమ్మాయి లోపలికి తొంగిచూసి కర్రలు చూపిస్తూ, "అక్కా, ఇవి గూడ పాతకాలం నాటియేనా?" అని అడిగింది. "లేదమ్మా, మొన్ననే పెట్టినయి" అన్నాను. వాటిని కూడా ఫోటో తీసుకుంది.

పోయిన వారం పక్కింటాయన మళ్ళీ అరుగు మీద కూర్చున్నాడు. ఈసారి లోపలికి రాలేదు. చాయ తాగకుండా గ్లాసు చేతుల్లో తిప్పుతున్నాడు. అత్తకు నాకంటే ముందే అర్థమైంది.

"స్లాబు ఎప్పుడు తమ్మీ?"

"ఎల్లుండి వదినా. బయట కిరాయికి చూసిన. అంతట పనులు నడుస్తున్నయి, కర్రలు దొరుకుతలేవు. మన గల్లీల మనమే... ఏమనుకోకు. స్లాబు ఆరినంక మల్ల పెట్టిస్త."

"ఆ పైన ఇంకో స్లాబు ఉండదా మామా?" అన్నాను. ఆయన గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"నీ కర్రలు నువ్వు తీస్కపోతె ఏమనుకుంట" అన్నది అత్త. "ఇన్ని దినాలు ఉంచినవు. గదే ఎక్కువ."

ఆయన మీద అరవాలనిపించింది. ఏమని అరవను? కర్రలు ఆయనవి. సిమెంటు కూడా ఆయనదే, దాన్ని సంతోషంగా పూయించుకున్నది మేం. ఇది ఎవరో కావాలని చేసినదైతే తిట్టి మనసు తేలిక చేసుకునేదాన్ని.

మరుసటి పొద్దున కూలీలు వచ్చి ఒక్కొక్క కర్రా తీసుకుపోయారు. తీసినప్పుడల్లా దూలం కిర్రుమనేది. మేస్త్రీ పైకి చూస్తూ, "ఎవ్వలు గట్టిగ మాట్లాడకుండ్రి" అన్నాడు. అందరూ గుసగుసలుగా పని చేశారు. మా ఆయన ఎక్కడి నుంచో రెండు తుమ్మ మొద్దులు ఆటోలో వేసుకొచ్చాడు. ఒకటి మరీ పొట్టిదైంది. రెండోదాన్ని రాయి మీద ఎక్కించి మధ్య దూలం కింద నిలబెట్టాడు. నిలబెట్టి, దాన్ని ఊపి చూడడానికి కూడా భయపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇప్పుడు అందరం ముందు గదిలోనే ఉంటున్నాం. మంచం, బియ్యం డబ్బా, పాప బట్టల సంచి, అన్నీ ఇక్కడికే వచ్చాయి. పొయ్యి కూడా తెద్దామన్నాను. కానీ నల్లా, స్నానాల గది వెనకే. వెనకకు ఇంటి బయటి నుంచి దారి లేదు. గుక్కెడు నీళ్ళు కావాలన్నా నడిమి గది దాటాల్సిందే. అత్త మామూలుగా నడుస్తుంది. బిందె చంకన పెట్టుకుని, గోడ వైపు చూడకుండా, ఏదో గొణుక్కుంటూ. నేను మాత్రం, వదిలిపోతే వెనకాలే వస్తుందని పాపను ఎత్తుకుని, తల మీద కొంగు కప్పి, ఈ గడప నుంచి ఆ గడపకు ఒక్క ఉరుకున పోతాను. రోజుకు ఎన్నిసార్లో. తలను కొంగు కాపాడదని నాకు తెలుసు.

వేరే గదికి పోయే మాట నేను ఇప్పుడు ఎత్తడం లేదు. మా ఆయనా ఎత్తడం లేదు. మబ్బు పట్టినప్పుడు మాత్రం ఇద్దరం ఒకేసారి పైకి చూస్తాం. పక్కన హాస్టల్ స్లాబు పూర్తయింది. కర్రలు దాని కిందే ఉన్నాయి. ఇంకా పూర్తి కాని గదుల కోసం సిర్గాపూర్ వైపు నుంచి తల్లిదండ్రులు అప్పుడే వచ్చి అడిగి పోతున్నారు. కాలేజీకి దగ్గర, బజారుకు దగ్గర, మంచి జాగ అని చెప్పుకుంటున్నారు.

పాపకు ఆ ఉరుకుడు ఒక ఆటగా మారింది. కొంగు కింద నుంచి కిలకిల నవ్వుతుంది. నిన్న నేను బిందె దింపి ఊపిరి పీల్చుకునేలోపు అది గడప దగ్గరికి నడిచి, గదిలోకి చూపిస్తూ రెండు చేతులూ పైకెత్తింది. "ఉలుకు" అన్నది. ఎత్తుకోలేదని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, నేను కదలకపోయేసరికి, గడప మీద ఒక కాలు వేసి తనే లోపలికి దిగబోయింది.