శంకరమ్మ గురిగిలో ఆరు నెలల మందు

అమృతకలశధారియైన ధన్వంతరికి అంజలి ఘటించి, నలుబది యేండ్లకు మించిన నా మందుల దుకాణపు జీవితంలో మరువలేని ఒక సంగతిని చెప్పబూనుతున్నాను. అది శ్రీ విశ్వావసు నామ సంవత్సర శ్రావణ శుద్ధ తదియ. జహీరాబాదులో తెల్లవారినది మొదలు సన్నని జల్లు విడువలేదు. ఝరాసంగం వైపునుండి వచ్చిన షేర్ ఆటో దిగి, అనూష, ఆమె నానమ్మ శంకరమ్మ నా దుకాణం మెట్లెక్కారు. శంకరమ్మ ఒడిలో, తడవకుండా కొంగు కప్పిన చిన్న మట్టి గురిగి ఉన్నది.

అనూష వ్యవసాయ కళాశాల విద్యార్థిని. ఒక సెమిస్టరు చదువుకు విరామం తీసుకొని, కెన్యా దేశపు పల్లెలలో చిరుధాన్యాలు ఎట్లు పండిస్తారో చూచి రావాలని ఆమె సంకల్పం. చిన్ననాట ఆమెకు మూర్ఛ వచ్చేది. మందు క్రమం తప్పనందున కొన్నేండ్లుగా అది తలయెత్తలేదు. ఒక్క పూట కూడా మానరాదని వైద్యుని ఆజ్ఞ. అందుచేత అంతకు కొన్నాళ్ల ముందే, ఆయన ప్రిస్క్రిప్షన్ ప్రకారం ఆరు నెలలకు సరిపడు మాత్రలు నేనే కట్టి ఇచ్చాను.

అనూష గురిగిని చూపింది. దాని మూతి ఎర్రమట్టితో, పేడతో చక్కగా అలికి ఉన్నది. పగులగొట్టి చూస్తే లోపల జల్లించిన బూడిద, ఎండిన వేపాకు, వాటి నడుమ తెల్లని మాత్రలు. మాత్రల రేకునుండి ఒక్కొక్కటిగా విప్పి, పొరలు పొరలుగా పేర్చినవి. ఆ పనిలోని శ్రద్ధను చూచి, కోపం రావలసిన చోట నాకు కుతూహలమే కలిగింది. ఇట్లెందుకు చేశావని శంకరమ్మను అడిగాను.

"కంది విత్తనం ఏడాదికేడాది గిట్లనే దాస్త పంతులూ. ఒక్క గింజకు పురుగు పట్టనియ్య. గా రేకు చూస్తే కాగితమంత పల్సగున్నది. పిల్ల ఆరు నెలలు పరాయి దేశంల ఉండబట్టె. ఆడ మందు ఖరాబైతే దానికి దిక్కెవరు?"

"మరి వీటిని నాటుదామా శంకరమ్మా?" అన్నాను.

"నాటు. మొలిచినయంటే నీ దుకాణం బందే," అన్నది ఆమె, తడుముకోకుండా.

అనూష మాత్రం నవ్వలేదు. "తాతా, నాయినకు చెప్పకున్రి. ఎరుకైతే పయనం ఆపేస్తడు," అన్నది. ఆమె చేయవలసిన విమాన ప్రయాణం శ్రావణ శుద్ధ త్రయోదశినాడు.

ఆ మాత్రలు పనికిరావని చెప్పక తప్పలేదు. బూడిదలోని క్షారం వాటికి అంటుకున్నది. పైగా పేరు, ఎక్స్‌పైరీ, అనగా మందుకు గడువు తీరే కాలం, ముద్రించిన రేకు లేకపోతే విమానాశ్రయంలో అవి ఏమిటో ఎవరు గుర్తిస్తారు? హైదరాబాదులోని వైద్యునికి ఫోను చేసి జరిగినది విన్నవించాను. ఆయన మరల ప్రిస్క్రిప్షన్ పంపుటకు ఒప్పుకున్నాడు. మూర్ఛమందును తయారుచేసే కంపెనీని ఉన్నపళంగా మార్చుట మంచిది కాదు గనుక, అదే మందును తెప్పించే ఏర్పాటు చేశాను.

చిక్కు అంతటితో తీరలేదు. కొత్త మాత్రలను కూడా రేకులోనే పంపుతామంటే శంకరమ్మ ససేమిరా అన్నది. ఆమె కొడుకు, అనూష తండ్రి, తల్లిమాట జవదాటడు. ఆమె వద్దంటే అనూష ప్రయాణం ఆగినట్లే. నేను ఒక మందుసీసా మూత తీసి, అందులోని సిలికా జెల్ పొట్లం ఆమె చేతిలో పెట్టాను. సీసాలోని తేమను పీల్చే గుళికలివి, నీ బూడిద చేసే పనే ఇవీ చేస్తాయి అన్నాను. ఆమె దానిని చెవి దగ్గర ఆడించి చూచింది. "గట్లయితే నా బూడిద ఏం పాపం చేసింది?" అన్నది. స్ట్రిప్ అనే ఆ లోహపు రేకు పలుచనిదే అయినా గాలిని, నీటిని చొరనియ్యదని నచ్చజెప్పబోయాను.

"చెప్పుడు కాదు పంతులూ. ఇత్తనమైతే తడిబట్టల చుట్టి మొలక చూసినంకనే నమ్ముత. దీన్ని గూడ చూడాలె."

న్యాయమే అనిపించింది. గడువు తీరి పక్కన పెట్టిన మందులలోనుండి, అటువంటి రేకే ఉన్న స్ట్రిప్ ఒకటి తీసి, ఎవరూ మింగరాదని హెచ్చరించి ఇచ్చాను. దానిని కొంగున ముడివేసుకొని ఆమె వెళ్లిపోయింది. నిజము చెప్పవలెనంటే, ఇన్నేండ్లలో ఆ పరీక్ష నేను స్వయంగా చేసి చూడలేదు. రేకుకు ఎక్కడైనా సూదిమొనంత రంధ్రముంటే అనూష ప్రయాణం గతి ఏమని ఆ పగలంతా మనస్సు పీకుతూనే ఉన్నది.

మరునాడు దుకాణం తెరిచేసరికి నానమ్మా మనుమరాలూ మెట్లమీద ఉన్నారు. శంకరమ్మ స్ట్రిప్‌ను చెంబునీళ్లలో ముంచి, తేలకుండా పైన రాయి పెట్టి రాత్రంతా ఉంచినదట. నా కత్తెర అడిగి తీసుకొని, నా ఎదుటనే రేకును కోసింది. మాత్రను గోటితో గీకి, రాలిన పొడిని బొటనవ్రేలితో నలిపింది. అనూష ముందుకు వంగి చూస్తున్నది.

"సుక్క తడి లేదు," అన్నది శంకరమ్మ. ఖాళీ రేకును వెలుతురుకు పట్టి చాలాసేపు పరిశీలించింది. "గిసొంటి రేకుల కంది ఇత్తనం గూడ దాయొచ్చునా పంతులూ?" అని అడిగింది. తెలియదన్నాను. మనుమరాలి వైపు తిరిగి, "పో బిడ్డా. మీ నాయినకు నేను చెప్త," అన్నది.

నాటినుండి దీర్ఘకాలపు మందు ఇచ్చేటప్పుడు, ఎప్పుడు వేసుకోవలెనో చెప్పి ఊరకుండను. ఇంట్లో ఎక్కడ, ఎట్లు దాస్తారని కూడా అడుగుతున్నాను. బియ్యపు డబ్బాలో అన్నవారున్నారు, దేవుని గూటిలో దీపం పక్కన అన్నవారున్నారు. ప్రతి జవాబు వెనుక ఆ ఇంటికి తెలిసిన ఒక జాగ్రత్త ఉంటుంది. దానిని విన్న తరువాతనే నా జాగ్రత్త చెబుతున్నాను.

కొత్త మాత్రలను రేకులతోనే తీసుకొని అనూష శ్రావణ శుద్ధ త్రయోదశినాడు బయలుదేరింది. మాఘ శుద్ధ దశమినాడు తిరిగి వచ్చింది. మందు ఒక్క పూట తప్పలేదు, మూర్ఛ రాలేదు.