ఎర్త్ లేని వాల్వు ఆంప్లిఫయర్

నా ఉద్యోగ విరమణకు ముందటి సంవత్సరం, వానాకాలంలో, గోదావరి ఒడ్డున ఒక బొగ్గు గని కాలనీలో కమ్యూనికేషన్ సెక్షన్ ఫోర్‌మన్‌గా ఉన్నాను. గని లోపలి టెలిఫోన్లు, సిగ్నల్ గంటలు, సభలకు మైకు సెట్లు మా సెక్షన్ బాధ్యత. కాలనీ ఆర్కెస్ట్రా సామాను కూడా మా బెంచీ మీదికే వచ్చేది. వినాయక చవితి దగ్గర పడుతుండగా హాలేజ్ ఆపరేటర్ యాకూబ్ ఒక పాత గిటారు ఆంప్లిఫయర్ మోసుకొచ్చాడు. గని లోపల బొగ్గు టబ్బులను తాడుతో లాగే యంత్రం నడపడం ఆయన ఉద్యోగం. గిటారు ఆయన ప్రాణం.

ఆ సెట్టు చనిపోయిన ఆయన అన్న బొంబాయి నుంచి తెచ్చుకున్నది. అందులో ట్రాన్సిస్టర్లు ఉండవు, వేడెక్కి వెలిగే గాజు వాల్వులే శబ్దాన్ని పెంచుతాయి. పాట మధ్యలో సెట్టు గొంతు పడిపోతోందన్నాడు యాకూబ్. "బాగు చెయ్యుండ్రి సార్, గానీ దాని గొంతు మారొద్దు. మా అన్న యాది అది."

షాకు కొడుతుందా అని అడిగాను. "జర జుమ్మంటది సార్. అందుకే గనిల ఇచ్చిన గంబూట్లేసుకొని వాయిస్తుంటి" అన్నాడు తేలిగ్గా. కమ్యూనిటీ హాలు స్టేజీ మీద ఆయన గంబూట్లతో నిలబడితే కాలనీ అంతా అది స్టైలు అనుకునేది. ఆ రబ్బరు అడుగు వల్లనే ఇన్నేళ్ళూ బతికిపోయాడు. గనిలో ప్రమాదం జరిగి వేళ్ళు నలిగాక వాయించడం మానేశాడట; ఈసారి గణపతి మండపంలో కూతురు షబానా గిటారు వాయిస్తూ పాడుతుందట. మండపం ఎక్కేవాళ్ళు కాళ్ళకు ఏమీ వేసుకోరు. పైగా తడి నేల. సెట్టును వెంటనే బెంచీ మీద పెట్టించాను.

వాల్వు సెట్టుకు ప్లగ్గు పీకినా, లోపలి పెద్ద కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. ముందు వాటిని రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటరు సున్నా చూపాకే చెయ్యి పెట్టాను. వైరుకు రెండే తీగలు; దారి తప్పిన కరెంటును నేలలోకి పంపే మూడో తీగ, ఎర్త్, లేదు. మోత తగ్గించడానికి ఆ కాలంలో కరెంటు తీగకూ ఇనుప చట్రానికీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ పెట్టేవారు. అది పాడైతే కరెంటు చట్రానికి, అక్కడి నుంచి గిటారు తీగలకు చేరుతుంది. ఇక్కడ జరిగింది అదే. దాన్ని తీసేశాను. మూడు తీగల వైరు వేసి, ఎర్త్‌ను చట్రానికి విడిగా బోల్టుతో బిగించాను. గొంతు పడిపోవడానికీ, ఆన్ చేయగానే వచ్చే మోతకూ కారణమైన ఉబ్బిన పెద్ద కెపాసిటర్లు మార్చాను. గొంతును నిర్ణయించే వాల్వులను, స్పీకరు ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం ముట్టుకోలేదు.

యాకూబ్ వచ్చి, విని, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఆన్ జేస్తే గుయ్యిమంటుండె గద సార్, గది ఏది? గా మోత వింటే మా అన్న పక్కకొచ్చి నిలబడ్డట్టుండేది. పాతయి మల్ల పెట్టుండ్రి" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అన్న యాది కావాలో, బిడ్డ కావాలో తేల్చుకొమ్మన్నాను. ఆయన సెట్టు ఎత్తుకొని వెళ్ళిపోయాడు. ఇంకెవరిచేతనైనా పాతవి పెట్టిస్తాడేమోనన్న భయం నన్ను వదల్లేదు.

చవితి సాయంత్రం ముందుగానే మండపానికి వెళ్ళాను. సెట్టు విప్పి చూస్తే నేను చేసింది చేసినట్టే ఉంది. కానీ మండపం సాకెట్‌లో ఎర్త్ రంధ్రం వెనుక తీగే లేదు. అంటే నేను వేసిన మూడో తీగ ఉన్నా లేనట్టే. జనం నిండిపోయారు. "ఇన్నేండ్ల సంది ఏం కాలే గద సార్, గిప్పుడేమైతది?" అన్నాడు నిర్వాహకుల్లో ఒకాయన. నేను జవాబు చెప్పేలోపే యాకూబ్ ముందుకొచ్చి, ప్లగ్గు పీకి జేబులో పెట్టుకున్నాడు. గనిలో పద్ధతి అదే: లైను మీద పని జరుగుతున్నంతసేపూ స్విచ్చుకు తాళం వేసి, తాళంచెవి పనివాడే ఉంచుకుంటాడు; మేనేజరు అడిగినా ఇవ్వడు. "సార్ సరే అనేదాక గిది నా జేబుల్నే ఉంటది" అన్నాడు యాకూబ్.

పక్కనున్న పంపుహౌస్ ఎర్త్ గుంత నుంచి తీగ లాగించి, పాడేవాళ్ళ పెదవులు మైకుకు, వేళ్ళు గిటారు తీగలకు ఒకేసారి తగులుతాయి గనుక మైకు సెట్టునూ ఆంప్లిఫయర్‌నూ ఒకే బోర్డుకు కలిపాను. ఆయన ప్లగ్గు ఇచ్చాడు. ఆన్ చేసి, మైకుకూ గిటారు తీగలకూ మధ్య మీటరు పెట్టి చూశాను. సున్నా. సరేనన్నాను. షబానా ఒట్టి కాళ్ళతో నిలబడి మైకుకు పెదవులు ఆనించింది. యాకూబ్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పాట ఆగలేదు.

బెంచీ మీద యంత్రం బాగైతే సగం పనే అయినట్టు. దాన్ని వాడే మనిషి నిలబడే నేల మీద కొలిచాకే పని పూర్తయిందనాలి.