ఉప్పునీళ్ళంటే బోరు నీళ్ళు

మా పల్నాడులో ఉప్పునీళ్ళంటే బోరు నీళ్ళు. తాగడానికి మంచినీళ్ళు, వాడకానికి ఉప్పునీళ్ళు. బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మాటకు నాకు వేరే అర్థం తెలియదు. అందుకే అక్క పెళ్ళయిన తొలి వేసవిలో నా పరువు పోయింది.

బావది బాపట్ల అవతల సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. ఐసు ఫ్యాక్టరీలో పని. ఎండాకాలం రెండు నెలలు మరపడవలు వేటకు వెళ్ళవు కాబట్టి ఫ్యాక్టరీ సగం మూతపడేది. అప్పుడు బావ గాలం పట్టుకుని, వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర నిలబడేవాడు. నన్నూ తీసుకెళ్ళాడు. మోకాళ్ళ లోతు నీళ్ళు, మే నెలలో కాళ్ళకు వెచ్చగా తగిలేవి. పోటు వచ్చి సముద్రం పొంగితే పండుగప్ప చేపలు వాగులోకి వస్తాయి. వాటికి బతికున్న రొయ్యే ఎర, చచ్చినదాని జోలికి రావు.

రెండో రోజు పొద్దున బావ, "ఒరే, బకెట్లో రొయ్యలకి ఉప్పునీళ్ళు మార్చు" అన్నాడు. నేను పెరట్లో బోరింగు కొట్టి నిండా పోశాను. రుచి కూడా చూశాను, మా ఊరి నీళ్ళలాగే నాలుక్కి ఉప్పగా తగిలాయి. మొగకు చేరేసరికి రొయ్యలన్నీ తెల్లగా పాలిపోయి అడుగున పడున్నాయి. బావ బకెట్ వంక, నా వంక చూసి ఇసకలో కూలబడి నవ్వాడు.

"రొయ్యలకి పల్నాడు నీళ్ళు తాపావేందిరా బామ్మర్దీ."

ఇంటికొచ్చాక అక్క నా పక్షం వహించింది. "మా తమ్ముణ్ణేమీ అనమాకు. సముద్రం నీళ్ళని చెప్పొచ్చుగా నువ్వు."

తర్వాత ఇరవై వేసవులు ఆ కథ నన్ను వదల్లేదు. ఒడ్డున కనపడ్డ ప్రతివాడికీ, "మా బామ్మర్ది, రొయ్యలకి బోరు నీళ్ళు పోసిన మొనగాడు" అని బావ చెప్పాల్సిందే. నాకు ఒళ్ళు మండేది. ఎడ్లపాడు క్వారీలో టిప్పర్ నడుపుకునే మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని, ఇంకా ఏంది ఈ ఎగతాళి అని ఒకసారి అక్కతో గొడవ పడ్డాను. "నీ మీద ప్రేమరా అది" అంది. ప్రేమా లేదు, దోమా లేదు అన్నాను.

రెండేళ్ళ కిందట కిడ్నీలు చెడి అక్క చనిపోయింది. పిల్లలు లేరు. నిరుడు బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. తప్పేముంది, మనిషికి ఒక తోడుండాలి కదా అని నలుగురిలో నేనే అన్నాను. లోపల మాత్రం ఒకటే బెంగ, ఇక ఆ ఇంటికి నేనేమవుతానని.

ఈ వేసవిలో అది తేల్చుకుందామనే వెళ్ళాను. కొత్తావిడ మర్యాదగా మంచినీళ్ళిచ్చింది. ఆమె తమ్ముడు కూడా వచ్చి ఉన్నాడు, ముప్పై ఏళ్ళ మనిషి. ముగ్గురం మొగకు బయల్దేరాం. రొయ్యల బకెట్ అతని చేతిలో ఉంది. అన్నేళ్ళూ దాన్ని మోసింది నేను.

"బామ్మర్దీ, గాలం కాస్త దూరంగా విసురు" అన్నాడు బావ. పలకబోయి ఆగాను. పిలిచింది నన్ను కాదు. తర్వాత నా వైపు తిరిగి, "మీరు ఇటు రండి, అక్కడ రాళ్ళుంటాయి" అన్నాడు.

మీరట. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

పండుగప్ప నా గాలానికే పడింది, మూడు కిలోల పైనే ఉంటుంది. కొత్త బామ్మర్ది దాన్ని చూసి, "ఎన్నేళ్ళ నుంచి వస్తన్నారండీ?" అని అడిగాడు. ఇంకేం, బావ ఇప్పుడు కథ ఎత్తుకుంటాడని ఎదురుచూశాను. ఎత్తలేదు. సిగ్గు విడిచి నేనే అందించాను.

"మొదటిసారి వచ్చినప్పుడు రొయ్యలకి బోరు నీళ్ళు పోశా. చెప్పు బావా."

బావ గాలం తాడు చూసుకుంటూ, "పాతవి ఇప్పుడెందుకులెండి" అన్నాడు. "ఎండ ఎక్కుతోంది, భోంచేసి వెళ్దురుగాని."

అక్కను కాటికి సాగనంపిన రోజు కూడా ఆయన నన్ను పట్టుకుని "ఒరే బామ్మర్దీ" అనే ఏడ్చాడు. ఆ పిలుపు ఉన్నన్నాళ్ళూ అక్క ఆ ఇంట్లో ఉన్నట్టే అనుకున్నాను.

భోజనానికి ఆగలేదు. చేపను వాళ్ళ బకెట్లోనే వదిలేసి, "ఉంటానండీ" అన్నాను. బావను నేను అండీ అనడం అదే మొదలు.