మినుముల మీద నల్లకారు

ముప్పై ఒక్క ఏళ్లలో పున్నారావు బండి కింద ఒక్క కోడిపిల్ల కూడా చావలేదు. ఆ మాట ఆయన చెప్పుకునేది కాదు, గుడివాడ టాక్సీ స్టాండులో తక్కినవాళ్లే చెప్పేవాళ్లు. పోయిన మార్చి దాకా అది నిజం కూడా.

ఆయన బతుకంతా అంబాసిడర్‌లోనే గడిచింది. గుడివాడ నుంచి బందరు, బందరు నుంచి అవనిగడ్డ. పెళ్లివాళ్లనీ, పురిటి నొప్పులవాళ్లనీ, మోపిదేవి మొక్కులవాళ్లనీ మోశాడు. ఆ బండి తుక్కుకి పోయాక, కారు కొనేవాళ్లు ఆయన్ని వెంటబెట్టుకెళ్లడం మొదలుపెట్టారు. నాలుగు మైళ్లు పోనిస్తే చాలు, బండి గుణం చెప్పేసేవాడు. "ఇప్పటి కార్లలో చాలా మటుకు ముందు చక్రాలతో లాగేవే. వెనక చక్రాలతో తోసే బండి గెడేసి నెట్టిన పడవలాంటిది. దాని సంగతి నడుముకి తెలియాలి" అనేవాడు. ఆ మాటలో కాస్త పొగరుండేది. ఉండనివ్వండి, ఆయన దగ్గరున్నది ఆ ఒక్క విద్యే.

మోపిదేవి దగ్గర రొయ్యల చెరువులున్న లోహిత్ అనే కుర్రాడు హైదరాబాదు నుంచి రెండు సెకండ్‌హ్యాండు విదేశీ కార్లు తెప్పించాడు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. రెండూ వెనక చక్రాలతో తోసేవే, కాలు ఆనిస్తే ఎగిరి దూకేవే. "రెంట్లో రోడ్డుని ఏది గట్టిగా పట్టుకుంటుందో చెప్పండి బాబాయ్, అదే ఉంచుకుంటా" అన్నాడు.

అవి మినుము నూర్పిడి రోజులు. దివిసీమలో ఆ రోజుల్లో ఎండిన మొక్కల్ని తెచ్చి సగం రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. తొక్కకుండా పక్క నుంచి పోయే డ్రైవరంటే ఊళ్లో చిన్నచూపు. కరకట్ట మలుపు దగ్గర ఏటా మినుము పరిచే మహాలక్ష్మమ్మ కోసమైతే పున్నారావు బండి వెనక్కి తిప్పుకొచ్చి మరీ తొక్కించేవాడు. చుట్టరికమేం లేదు. ఆమెకి ఆయన తమ్ముడు, ఆయనకి ఆమె అక్క. నూర్పిడయ్యాక ఆయనకోసం ఒక సంచీ మినుములు తీసిపెట్టేది.

ముందు తెల్లకారు తీశాడు. పక్కన లోహిత్. మలుపు దగ్గర మహాలక్ష్మమ్మ పంగలకర్రతో మొక్కలు తిరగేస్తూ కనబడింది.

"ఏం తమ్ముడూ, పెద్ద కారెక్కావు కదా, మా మినుములు తొక్కుతావా, తొక్కవా?"

"నీ మినుములు తొక్కకుండా ఎట్టా పోతానక్కా!"

ఎక్కించాడు. గింజల మీద కారు వెనక భాగం మెల్లగా పక్కకి జరిగింది. నడుముకి తెలిసింది. కాలు తీసి, స్టీరింగు రవ్వంత తిప్పాడు, సర్దుకుంది. "ఇది ముందే చెప్పి జారుతుంది" అన్నాడు ముచ్చటగా.

"జారే బండి మనకెందుకు బాబాయ్?" అన్నాడు లోహిత్.

తర్వాత నల్లది తీశాడు. దాని టైర్లు బాగా వెడల్పు. అవనిగడ్డ దాకా ఒట్టి రోడ్డు మీద ఏ మలుపులో ఎంత వేగంగా తిప్పినా ఇసుమంత కదల్లేదు. నడుముకి ఏమీ తెలియలేదు. అది మంచి గుణమే అనుకున్నాడు పున్నారావు. ఇన్నేళ్ల విద్యలో ఆయన చేసిన తప్పు అదొక్కటే. "పట్టంటే దీనిదే. ఇదే ఉంచుకోండి బాబూ" అన్నాడు.

తిరుగుదారిలో మహాలక్ష్మమ్మ దూరం నుంచే చెయ్యి ఊపింది. మొక్కలప్పటికే బాగా నలిగి, రోడ్డంతా నల్లగా గింజ పరుచుకుని ఉంది. బండి పట్టు మీద నమ్మకంతో ఆయన వేగం తగ్గించలేదు. మలుపులో కాలు కాస్త గట్టిగానే ఆనించాడు.

ఈ కారు ఏమీ చెప్పలేదు. ఒక్కసారిగా వదిలేసింది. వెనక చక్రాలు ముందుకొచ్చేశాయి. అంబాసిడర్‌కి తిప్పినట్టే స్టీరింగు తిప్పాడు. అప్పటికే ఆలస్యమైంది. కారు గిర్రున తిరిగి, కట్ట అంచున నిలబడ్డ మనిషిని కొట్టి ఆగింది. చెయ్యి ఇంకా ఊపుతూనే ఉంది పాపం, తప్పుకోవాలని కూడా తోచలేదు ఆమెకి. అవనిగడ్డ ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

"గేదె అడ్డొచ్చిందని చెబుదాం బాబాయ్, లేకపోతే మీరు జైలుకెళ్తారు" అన్నాడు లోహిత్, ఏడుస్తూనే.

పోలీసుల ముందు పున్నారావు, "గేదె లేదండీ. కావాలనే మినుముల మీద ఎక్కించాను. నెమ్మదిగా ఎక్కించాల్సింది" అన్నాడు. కేసయింది. బెయిలొచ్చింది. లైసెన్సు పోయింది. ఊళ్లో జనం కారుని తిట్టారు, కొందరు జాలిపడ్డారు. ఆ జాలి ఏం చేసుకుంటాడు?

పెద్దకర్మ నాడు బస్సు దిగి, అక్క ఇంటికి నడిచాడు. చుట్టాలు మొహాలు తిప్పుకున్నారు. వాకిట్లో, రోడ్డు మీదకి తేకుండా మిగిలిపోయిన సగం మినుము కుప్ప అలాగే ఉంది. మహాలక్ష్మమ్మ కూతురు మాధవీలత గుమ్మంలో నిలబడింది.

"ఇంకెవరూ తొక్కించట్లేదు మావయ్యా. ఆ మలుపు దగ్గర అందరూ పక్క నుంచే పోతున్నారు" అంది.

తిట్టినా బాగుండేది. పున్నారావు చొక్కా విప్పి దడి మీద వేశాడు. పరదాపట్టా పరిచి, కుప్పలోంచి నాలుగు మోపులు లాగి, చూరుకి ఆనించిన కర్ర తీసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. మాధవీలత వద్దనలేదు, కూర్చోమనీ అనలేదు. కాసేపటికి లోపల్నుంచి చేట తెచ్చి, ఆయనకి కాస్త దూరంలో పెట్టి వెళ్లింది.