బెంటంకోర్ గారూ, ఫ్రాగా గారూ

ప్రొఫెసర్ వాల్దెమార్ బెంటంకోర్ ఫ్రాగా రోజూ చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే కషాయం నింపిన సొరబుర్రతో మోంటెవిడియోలోని మా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వేంచేస్తాడు. గొట్టంతో ఒక గుక్క పీల్చి, జ్ఞాపకశక్తి మీద తను రాసిన వ్యాసాలను లోకంలో ఎందరు ఉటంకించారో కంప్యూటర్లో చూసుకుంటాడు. అంకె పెరిగితే మీసం దువ్వుకుంటాడు. పెరగకపోతే కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూస్తాడు. మా అందరిలాగే ఆయనకూ తండ్రి ఇంటిపేరొకటి, తల్లి ఇంటిపేరొకటి. ఈ మర్యాద తెలియని పరదేశపు కంప్యూటరు ఆయన వ్యాసాలను ఇద్దరు పండితులకు పంచిపెట్టింది. రిటైరయ్యేలోగా రావలసిన ఆఖరి పదోన్నతికి రెండు వందల ఉటంకింపులు కావాలి. బెంటంకోర్‌కు నూట యాభై, ఫ్రాగాకు నూట యాభై ఉన్నాయి. ఇద్దరినీ ఒకటి చెయ్యమని ఆయన లైబ్రేరియన్ నెలీదాను బతిమాలాడు.

ఆమె మీటలు నొక్కి, తెరకేసి చూసి, నవ్వు ఆపుకుంది. "కలిపానండీ. నూటపది."

"కలిపితే తగ్గడమేమిటమ్మా?"

"ఫ్రాగా గారిని ఎక్కువగా మెచ్చుకున్నది బెంటంకోర్ గారే. బెంటంకోర్ గారిని మెచ్చుకున్నది ఫ్రాగా గారే. ఇద్దరూ ఒకరేనని తెలిశాక ఆ ఉటంకింపులన్నీ సొంత డబ్బా అని కంప్యూటరు కొట్టేసింది. ఇలాగే ఉంచనా, మళ్లీ విడదీయనా?"

ప్రొఫెసర్ కళ్లజోడు తుడుచుకుని తెరకేసి మళ్లీ చూశాడు.

"విడదీసెయ్యమ్మా," అన్నాడు. "బెంటంకోర్ కొత్త వ్యాసం అచ్చులో ఉంది. అందులో ఫ్రాగాను ఎంతో గౌరవంగా తలుచుకున్నాడు."