నీళ్లు ఇంకిన కంబళి

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లు నిండి ఇరవై రోజులైన ఒక బుధవారం, పొద్దున ఏడున్నరకు నేను మా అవ్వను మోసం చేయబోయాను. గంట ఎందుకు గుర్తుందంటే, అప్పుడే ముదిగుబ్బ బస్సు మా ఊరి మలుపు తిరిగింది. అది రోజూ ఏడున్నరకే వచ్చేది.

మాది గొర్రెలు కాసి, వాటి బొచ్చుతో నల్ల కంబళ్లు నేసే ఇల్లు. మగవాళ్లు గుంత మగ్గం మీద నేసేవారు, ఆడవాళ్లం దారం వడికేవాళ్లం. మా పెండ్లిళ్లలో పిల్లను, పిల్లవాణ్ణి కూర్చోబెట్టేది సొంత మంద బొచ్చుతో నేసిన కొత్త కంబళి మీదే. ఆ వారం మా పిన్నమ్మ పెండ్లి కంబళికి నేను పన్నెండు ఉండల దారం వడకాలి. తొమ్మిది అయ్యాయి. మిగిలిన మూడింటికి బొచ్చు ఏకి శుభ్రం చేయాలి, అది సగం పూట పని. మూలన గోతంలో మాత్రం ఏకినట్టే మెత్తగా ఉన్న బొచ్చు కనబడింది. అది రోగమొచ్చి చచ్చిన గొర్రెల తోళ్లకు సున్నం పట్టించి పీకింది, బండి మెత్తల్లో కుక్కడానికి దాచింది. దాన్ని కంబళిలో కలపరాదని నాకు తెలుసు. ఎందుకో తెలియదు. రెండూ నలుపే కదా, ఎవరు కనుక్కుంటారులే అనుకున్నాను. పైగా మా అవ్వకు అప్పటికే చూపు సరిగా ఆనేది కాదు.

మధ్యాహ్నానికి పన్నెండు ఉండలూ ఆమె ఒడిలో పోశాను. ఒక్కోదాన్ని తీసి, దారం కొసను వేళ్ల మధ్య నలిపి చూసింది. మూడింటిని తీసి పక్కన పెట్టింది. సరిగ్గా ఆ మూడే.

"గోతంలోదా మే ఇది? బండి మెత్తలకు పెట్టిండేదాన్ని పెండ్లికి వడికినావా? రేపు నీ పెండ్లికి ఎద్దుల్ని పిలుస్తాంలే, కూర్చునేకి" అంది.

కొట్టలేదు. నన్ను కండ్లు మూసుకోమని, ఒక చేతిలో ఈ బొచ్చు, ఇంకో చేతిలో ఆ బొచ్చు పెట్టింది. ఒకటి వేళ్లకు జిడ్డుగా అంటుకుంది. రెండోది మెత్తగా జారిపోయింది. తర్వాత చెంబులో వేళ్లు ముంచి రెండింటి మీదా నీళ్లు చిలకరించింది. మొదటిదాని మీద చుక్కలు పూసల్లా నిలబడ్డాయి. రెండోది తాగేసింది.

"పెండ్లిలో పెద్దలు నీళ్లు చల్లి దీవిస్తారు గదా, ఆ నీళ్లు నిలబడాల. చచ్చినదాని మీద నిలబడవు" అంది.

సాయంత్రం దాకా నలభై సార్లు కండ్లు మూయించి అడిగింది. ఆరు సార్లు తప్పు చెప్పాను. మరునాడు ఒక్కసారి కూడా తప్పలేదు. జీవితంలో నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే.

1998లో మా తమ్ముడి మందలో నల్ల గొర్రెలు అరవై రెండు. అప్పటికే ఆ బొచ్చు అడిగేవాళ్లు లేరు. మాంసానికి ఎర్ర గొర్రె త్వరగా పెరుగుతుందని ముప్పై ఐదింటిని అమ్మేసి ఎర్రవి తోలుకొచ్చాడు. మా మనవరాలి పెండ్లి కంబళికని నేను బతిమాలితే ఇరవై ఏడు ఉంచాడు. 2002లో వాన లేదు, మేత లేదు, గుట్ట మీది రాతి దొనలో నీళ్లు లేవు. ఆ ఇరవై ఏడూ ఒక్కొక్కటే పోయాయి. చివరి తొమ్మిది ఒక్క వారంలో పోయాయి. పెండ్లి మాఘమాసానికి ఖాయమై ఉంది.

తమ్ముడు రెండు గోతాల బొచ్చు తెచ్చి నా ముందు దించాడు. చెయ్యి పెట్టగానే, చచ్చినవాటి తోళ్లకు సున్నం పట్టించి పీకిందని తెలిసిపోయింది. బతికుండగా ఎందుకు కత్తిరించలేదని అడిగాను.

"ఏం కత్తిరించాలక్కా? ఎముకల మీద అంటుకోని ఉండె. కత్తెర పెడితే తోలు తెగుతాండె" అన్నాడు. గోతం మూతి మళ్లీ కట్టి, "ఇప్పుడు చూసేవాళ్లు ఎవరుండారు?" అన్నాడు.

మనవరాలు అంగట్లో దుప్పటి తెచ్చుకుందామంది. నల్లగా ఉంటే చాలు, ఫోటోలో అంతా ఒకటే అంది. సొంత మందది కాని దుప్పటి మీద ఆ పిల్లను కూర్చోబెట్టడానికి నాకు మనసు రాలేదు. ఆ గోతాల్లో ఉన్నది మా మందే. పందొమ్మిది రోజులు వడికాను. మా ఇంటాయన నేస్తూ, దారం మాటిమాటికీ తెగుతోందేమని అడిగాడు. కరువు బొచ్చు అట్లాగే ఉంటుందని అబద్ధం చెప్పాను. నేత ముగిశాక ఆయన మగ్గం గుంతను మట్టి పోసి పూడ్చేశాడు.

పెండ్లి రోజు వడికే ఇళ్లలో పుట్టిన నలుగురు ముసలివాళ్లు వచ్చి కంబళిని తడిమి చూశారు. నేను వాళ్ల ముఖాల వైపే చూస్తూ నిలబడ్డాను. ఒక్కరైనా నన్ను తిట్టాలని కోరుకున్నాను. ఒకామె మాత్రం, "మెత్తగుండాదమ్మా, బాగ నేసినారు" అంది. పెద్దలు నీళ్లు చల్లారు. ఒక్క చుక్క నిలబడలేదు. అన్నీ ఇంకిపోయాయి. ఎవరూ గమనించలేదు.

నల్ల గొర్రెలు అరవై రెండు: అమ్మినవి ముప్పై ఐదు, చచ్చినవి ఇరవై ఏడు, మిగిలినవి లేవు. మా వీధిలో ఒకప్పుడు మగ్గాలు పద్నాలుగు, ఇప్పుడు ఒక్కటీ లేదు. వడికే ఆడవాళ్లు ఇరవై ముగ్గురు, ఇప్పుడు నేనొక్కదాన్ని, నాకూ బొచ్చు లేదు. కండ్లు మూసుకుని బతికినదేదో చచ్చినదేదో చెప్పగలిగే చేతులు రెండు. రెండూ నావే.